యెల్లో రివర్‌లో తేలిన వెట్టి



జార్జియా అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది అట్లాంటా. ఇక్కడ కన్సల్టింగ్ ప్రాజెక్టు దొరికిందంటే చాలు, ఆల్ఫరెట్టాలో అపార్ట్‌మెంటు, వారాంతంలో గుడి, సాయంత్రం ఇండియన్ స్టోర్లో కరివేపాకు, ఇదీ మనకి తెలిసిన జార్జియా. ఈ వారం నేను చెప్పబోయే సంగతి అట్లాంటాకి తూర్పుగా ఇంటర్‌స్టేట్ 20 మీద ఓ ముప్ఫయి అయిదు మైళ్ళు పోతే వచ్చే కోవింగ్టన్ అనే చిన్న ఊరిది, దానికి దక్షిణంగా ఉన్న జాస్పర్ కౌంటీ పల్లెలది. కోవింగ్టన్‌ని మీలో చాలామంది చూసే ఉంటారు, తెలియకుండానే. "ది వాంపైర్ డైరీస్" లాంటి టీవీ సీరియళ్ళు అక్కడే తీశారు. ఊరి మధ్యలో చౌరస్తా, దాని పక్కన 1884లో కట్టిన ఎర్ర ఇటుకల కోర్టు, కోర్టు మీద గడియారపు గోపురం. 1921 ఏప్రిల్‌లో ఆ ఊళ్ళో జరిగిన ఒక విచారణ గురించే ఈ ప్రసంగం.

హైవే మీద కోవింగ్టన్‌కి కాస్త ముందు ఒక చిన్న వంతెన వస్తుంది. కింద పారేది యెల్లో రివర్. నది అని పేరే గానీ మన కృష్ణనీ గోదావరినీ చూసిన కళ్ళకి అదొక వాగు. బురద రంగు నీళ్ళు, రెండు వైపులా చెట్లు. 1921 మార్చిలో ఆ నీళ్ళలోంచి ఒక మనిషి కాలు బయటికి కనబడింది. పైకి లాగితే ఒక్కరు కాదు, ఇద్దరు. ఇద్దరూ నల్లజాతివాళ్ళు. ఇద్దరినీ కలిపి గొలుసులతో కట్టి, రాళ్ళు నింపిన గోనెసంచి తగిలించి ఉంది.

ఆ రోజుల్లో జార్జియాలో నల్లవాళ్ళ శవాలు దొరకడం పెద్ద వార్త కాదు, ఆ మాట అనడానికి బాధగానే ఉంది. లించింగ్ అంటే పదిమంది మూకగా చేరి ఉరి తియ్యడం. అది పగలే, జనం చూస్తుండగానే జరిగేది. కొన్ని చోట్ల ఫొటోలు కూడా తీసుకునేవారు. దాచిపెట్టాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. అలాంటి చోట ఎవరో గొలుసులు, రాళ్ళు, చీకటి, వంతెన, ఇంత శ్రమపడి శవాలని దాచారంటే, దాచాల్సింది హత్యలొక్కటే కాదు, ఇంకేదో ఉందన్నమాట. న్యూటన్ కౌంటీ షెరిఫ్ బి.ఎల్. జాన్సన్‌కి మొదట తట్టి ఉండాల్సిన ప్రశ్న అదే. నాకైతే ఈ కథలో మొదట ఆసక్తి కలిగించింది కూడా అదే.

ఆ ఇంకేదో ఏమిటో తెలియాలంటే కొన్ని వారాలు వెనక్కి వెళ్ళాలి.

1921 ఫిబ్రవరిలో ఇద్దరు ఫెడరల్ ఏజెంట్లు జాస్పర్ కౌంటీలో జాన్ ఎస్. విలియమ్స్ అనే భూస్వామి పొలానికి వెళ్ళారు. ఇప్పుడు మనం ఎఫ్.బి.ఐ. అంటున్న సంస్థ అప్పట్లో వట్టి బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. ఏజెంట్ల పేర్లు జార్జి బ్రౌన్, ఎ.జె. విజ్మర్. విలియమ్స్ పొలం నుంచి పారిపోయి అట్లాంటా చేరిన గస్ చాప్‌మన్ అనే నల్లజాతి కూలీ తన గోడు చెప్పుకుంటే, ఆ ఫిర్యాదు మీద వచ్చారు. రాత్రిళ్ళు పాకలో పెట్టి బయటనుంచి తాళం వేస్తారనీ, కొరడాతో కొడతారనీ, పారిపోయినవాళ్ళని కుక్కలతో వెతికించి పట్టుకొస్తారనీ అతని ఫిర్యాదు.

విలియమ్స్ ఏజెంట్లతో మర్యాదగానే మాట్లాడాడు. అతని దగ్గర దాపరికం కూడా పెద్దగా లేదు, అదే ఆశ్చర్యం. జైల్లో ఉన్నవాడికి జరిమానా కట్టి విడిపించి, ఆ బాకీ తీరేదాకా పనిలో పెట్టుకుంటే తప్పేమిటని వాళ్ళనే అడిగాడు. మనిషిని వాడి ఇష్టానికి వ్యతిరేకంగా బాకీ పేరుతో పట్టి ఉంచితే దాన్ని పీనేజ్ అంటారు, అది నేరం అని వాళ్ళు చెప్పారు. అదే నేరమైతే నేనే కాదు, జార్జియా రైతుల్లో చాలామంది నేరస్థులే అన్నాడట. ఆ మాటలో అబద్ధం లేదు. ఏజెంట్లు కూడా దీన్ని మరీ పెద్ద కేసుగా చూసినట్టు లేదు. ఇకమీదట ఇలాంటివి చెయ్యకు అన్న ధోరణిలో చెప్పి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక విలియమ్స్ లెక్క వేసుకున్నాడు. తన పొలంలో, తన కొడుకుల పొలాల్లో ఉన్న ఈ జైలు కూలీలందరూ సాక్షులే. గ్రాండ్ జ్యూరీ ముందు నోరు విప్పితే తన పని అయిపోయినట్టే. అందుకని వాళ్ళనే లేకుండా చేద్దామనుకున్నాడు.

అసలు పీనేజ్ చట్టం కింద శిక్ష ఎంతో తెలుసా? 1867లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం గరిష్ఠంగా అయిదేళ్ళ జైలు, అయిదువేల డాలర్ల జరిమానా. అదైనా జ్యూరీ శిక్షిస్తేనే. దక్షిణాది జ్యూరీలు ఒక తెల్ల రైతుని ఆ కేసులో శిక్షించడం అరుదు. ఆ మాత్రం ముప్పు తప్పించుకోవడానికి ఒక మనిషి పదకొండుమందిని చంపించాడు. ఆ పదకొండుమందీ అతని లెక్కలో మనుషులు కారు, చింపెయ్యాల్సిన కాగితాలు.

ఇక్కడ కాసేపు ఆగి ఈ పీనేజ్ అనేదాన్ని మన మాటల్లో చెప్పుకుందాం. మాది నల్లగొండ వైపు. మా పక్క పెద్దవాళ్ళకి ఈ విషయం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. భగేలా అనేవారు. తండ్రి పెళ్ళికో చావుకో దొర దగ్గర అప్పు తెస్తాడు, దానికి కొడుకు జీతం ఉంటాడు, కొడుకు తిన్న గింజలకి నాగు లెక్క కడతారు, ఆ నాగు తీరక మనవడు జీతం ఉంటాడు. అప్పు ఎంతో దొరకి తెలుసు, దొర దగ్గర లెక్కలు రాసేవాడికి తెలుసు, తీర్చేవాడికి మాత్రం తెలియదు. 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయింది విసునూరు దొర మనుషుల తుపాకులకే. దేశం మొత్తానికి వెట్టి నిషేధ చట్టం వచ్చేసరికి 1976 అయింది.

అమెరికాలో సంగతి పైకి చూడడానికి వేరు. 1865లో పదమూడో రాజ్యాంగ సవరణతో బానిసత్వం పోయింది. కానీ ఆ సవరణలోనే ఒక చిన్న మినహాయింపు ఉంది: నేరానికి శిక్షగా తప్ప, అని. మనం కోడ్ రాసేటప్పుడు ఒక ఎక్సెప్షన్ పెట్టి వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలుసు, ట్రాఫిక్ అంతా అందులోంచే పోతుంది. ఇక్కడా అదే అయింది. పని లేకుండా తిరగడం నేరం, జూదం నేరం, యజమానికి చెప్పకుండా పని మానడం నేరం అని దక్షిణాది రాష్ట్రాలు చట్టాలు చేసుకున్నాయి. పట్టుకునేది నల్లవాళ్ళని. మొదట్లో రాష్ట్రమే ఖైదీలని గనులకీ, ఇటుక బట్టీలకీ, పొలాలకీ అద్దెకి ఇచ్చేది. జార్జియాలో ఈ అద్దె పద్ధతి 1908లో రద్దయింది. రద్దయ్యాక ఖైదీలు గొలుసులతో కౌంటీ రోడ్లు వేసేవారు. జరిమానా కట్టలేనివాళ్ళ సంగతి మాత్రం పాత దారిలోనే నడిచింది.

దారి ఎలాగంటే, అట్లాంటాలోనో మేకన్‌లోనో వీధిలో నిలబడ్డ ఒక కుర్రాణ్ణి పోలీసులు పట్టుకుంటారు. అయిదు డాలర్ల జరిమానా. వాడి దగ్గర లేదు. కట్టకపోతే గొలుసుల్లో రోడ్డు పని. అప్పుడు జైలు తలుపు దగ్గరికి ఒక పెద్దమనిషి వస్తాడు. నీ జరిమానా నేను కడతాను, నా పొలంలో పనిచేసి తీర్చుకో, తిండి పెడతాను, పడుకోడానికి చోటిస్తాను అంటాడు. ఎవరైనా ఒప్పుకుంటారు. పొలానికి వెళ్ళాక తిండి కూడా బాకీలో కలుస్తుంది, బట్టలు కలుస్తాయి. ఎప్పటికి తీరుతుందని అడిగితే కొరడా.

ఇదంతా చట్ట విరుద్ధమని సుప్రీం కోర్టు అప్పటికే చెప్పింది. 1911లో అలబామాకి చెందిన అలోంజో బెయిలీ కేసు. పదిహేను డాలర్లు అడ్వాన్సు తీసుకుని పని మధ్యలో మానేశాడు, అంచేత మోసగాడు, జైలుకి పద, అనే చట్టాన్ని కోర్టు కొట్టేసింది. 1914లో రేనాల్డ్స్ కేసులో సరిగ్గా ఈ జరిమానా కట్టి పనిలో పెట్టుకునే పద్ధతే పీనేజ్ అని తేల్చింది. తీర్పులు వాషింగ్టన్‌లో, పొలాలు జాస్పర్ కౌంటీలో. ఈ రెంటి మధ్య దూరం ఎంతో విలియమ్స్ ఏజెంట్లతో అన్న మాటలోనే ఉంది.

ఆ ఏడాదే అంత కరువు ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. పత్తి కాయని తినే పురుగు, బోల్ వీవిల్, 1915 ప్రాంతంలో జార్జియాలోకి వచ్చింది. మన గులాబీరంగు పురుగు కథ తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల పత్తి ధర ఎగిరి 1920 వేసవికి పౌను నలభై సెంట్ల దాకా పోయి, ఆ డిసెంబరుకల్లా పదిహేను సెంట్ల కిందికి పడిపోయింది. ఈలోగా నల్లజాతివాళ్ళు షికాగోకీ డిట్రాయిట్‌కీ రైలెక్కి వెళ్ళిపోతున్నారు. కూలీలు దొరకడం లేదు, దొరికినా ఇవ్వడానికి డబ్బు లేదు. కూలి ఇవ్వక్కర్లేని కూలీ మీద రైతుల కన్ను పడింది. ఇది సమర్థన కాదు, జరిగిన లెక్క.

సరే, మళ్ళీ పొలానికి వద్దాం. విలియమ్స్ తన చేత్తో చేసింది తక్కువ. చేయించింది క్లైడ్ మానింగ్ చేత. మానింగ్ నల్లజాతివాడే, జైలు కూలీ కాడు. చిన్నతనం నుంచీ ఆ పొలంలో పెరిగినవాడు, అప్పటికి ఇరవై ఆరేళ్ళ చిల్లర. పొలంలో మేస్త్రీ. పెళ్ళాం పిల్లలు అక్కడే. చదువు లేదు. ఆ కౌంటీ దాటి వెళ్ళింది కూడా తక్కువే. వాళ్ళని లేకుండా చెయ్యాలి అని విలియమ్స్ చెప్పాడు. మానింగ్ వెనకాడాడు. వాళ్ళ మెడో నీ మెడో తేల్చుకో అన్నాడు విలియమ్స్. కోర్టులో మానింగ్ చెప్పిన సారాంశం అది.

తరవాతి కొద్ది వారాల్లో జరిగింది నేను వివరంగా చెప్పను. పొద్దున్నే ఈ ప్రసంగం వినేవాళ్ళున్నారు, ఇంట్లో పిల్లలుంటారు. కొన్ని మాత్రం చెప్పకపోతే చనిపోయినవాళ్ళకి అన్యాయం. జాని విలియమ్స్ అనే అతన్ని పొలంలోనే గొడ్డలితో చంపారు. భూస్వామిదీ అతనిదీ ఇంటిపేరు ఒకటే, చుట్టరికం ఏమీ లేదు. జాన్ విల్ గేథర్ అనే అతన్ని బావి తవ్వమని దింపి, ఆ బావిలోనే పూడ్చారు. విల్లీ గివెన్స్, జానీ గ్రీన్ గొడ్డలికే పోయారు. జాన్ బ్రౌన్, జానీ బెన్సన్ నీళ్ళలోకి పోయారు.

ఒక శనివారం రాత్రి లిండ్సీ పీటర్సన్, విల్లీ ప్రెస్టన్, హ్యారీ ప్రైస్ అనే ముగ్గురిని పిలిచి, మీ బాకీ తీరిపోయింది, రైలెక్కించి ఇంటికి పంపిస్తాను, కారెక్కండి అన్నాడు విలియమ్స్. ముగ్గురూ సంబరంగా ఎక్కి ఉంటారు. దారిలో కారు ఆపి గొలుసులు వేశారు. పీటర్సన్‌నీ ప్రెస్టన్‌నీ కలిపి కట్టి ఒక వంతెన మీంచి తోశారు, బతికుండగానే. వాళ్ళే ఆ మార్చిలో తేలిన ఇద్దరు. ప్రైస్‌ని ఇంకో వంతెన దగ్గరికి తీసుకెళ్ళారు. నన్నెవరూ తొయ్యక్కర్లేదు, నేనే పోతానని అతను పిట్టగోడ ఎక్కి తనే దిగిపోయాడట. మానింగ్ సాక్ష్యంలో ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు బయట నడిచి వచ్చాను.

ఈ తోసే పనిలో మానింగ్‌కి సాయం పట్టినవాడు చార్లీ చిజమ్. కొద్ది రోజులకి అతనూ ఎక్కువ తెలిసినవాడయిపోయాడు కదా, అతన్నీ నీళ్ళలోకే పంపారు. ఆఖరివాడు ఫ్లెచర్ స్మిత్, అతన్ని విలియమ్స్ స్వయంగా కాల్చాడు. మొత్తం పదకొండు.

పదకొండు పేర్లూ చెప్పానో లేదో మీరు లెక్కపెట్టుకోండి. ఈ కేసు గురించి రాసిన చాలా చోట్ల "పదకొండుమంది నల్లజాతి కూలీలు" అని వదిలేస్తారు. గ్రెగరీ ఫ్రీమన్ అనే అట్లాంటా పాత్రికేయుడు 1999లో దీని మీద పూర్తి పుస్తకం రాశాక గానీ ఈ పేర్లు మామూలు పాఠకుల దాకా రాలేదు.

శవాలు దొరికిన వార్త పేపర్లలో పడ్డాక ఫెడరల్ ఏజెంట్లకి తాము వెళ్ళొచ్చిన పొలం గుర్తొచ్చింది. మళ్ళీ వెళ్తే అప్పుడు చూసిన కూలీలు ఒక్కరూ లేరు. మానింగ్‌ని అట్లాంటా తీసుకొచ్చి అడిగారు. మొదట ఏమీ తెలియదన్నాడు. విలియమ్స్ చెయ్యి అక్కడిదాకా చాచలేదని కొంత నమ్మకం కుదిరాక, మార్చి ఆఖరు వారంలో మొత్తం చెప్పేశాడు. చెప్పడమే కాదు, పొలానికి తీసుకెళ్ళి ఎక్కడెక్కడ తవ్వాలో చూపించాడు. తవ్విన చోటల్లా దొరికాయి. బావిలో కూడా. జాస్పర్ కౌంటీలో వదిలేస్తే మానింగ్ బతకడని అతన్ని అట్లాంటాలో ఫుల్టన్ కౌంటీ జైల్లో దాచారు.

ఇప్పుడొక చిక్కు. హత్య రాష్ట్రం చూడాల్సిన నేరం, పీనేజ్ ఫెడరల్ ప్రభుత్వం చూడాల్సింది. హత్య కేసు జాస్పర్ కౌంటీలో నడిస్తే విలియమ్స్ బంధువులు, బాకీదార్లు, స్నేహితులే జ్యూరీలో ఉంటారు. కానీ పీటర్సన్‌ని తోసిన వంతెన న్యూటన్ కౌంటీలో ఉంది. అందుకని ఆ ఒక్క హత్య మీద కోవింగ్టన్‌లో కేసు పెట్టారు. ఆ వంతెన కౌంటీ గీతకి ఇవతల ఉండడం వల్లే ఈ కథ మనదాకా వచ్చింది. ఎవరో తెచ్చి తమ కౌంటీ నీళ్ళలో శవాలు పడేశారన్న కోపం న్యూటన్ జనానికి ఉండే ఉంటుందని నా ఊహ. పల్లెల మధ్య అలాంటి పట్టింపులు మనకి తెలియనివా?

వెనకనుంచి కేసుని నెట్టినవాడు గవర్నర్ హ్యూ డోర్సీ. ఈయన సంగతి విచిత్రం. 1913లో అట్లాంటాలో లియో ఫ్రాంక్ అనే యూదు మేనేజరు మీద హత్య కేసు వాదించి ఉరిశిక్ష వేయించిన ప్రాసిక్యూటరు ఈయనే. ఆ కేసులో ఫ్రాంక్‌కి అన్యాయం జరిగిందని ఇవాళ చాలామంది చరిత్రకారులు ఒప్పుకుంటారు. శిక్ష యావజ్జీవానికి తగ్గిస్తే 1915లో మూక జైల్లోంచి ఎత్తుకెళ్ళి ఫ్రాంక్‌ని లించ్ చేసింది. ఆ కేసు తెచ్చిన పేరుతోనే డోర్సీ గవర్నరయ్యాడు. అలాంటివాడు పదవి ఆఖర్లో నల్లజాతివాళ్ళ హత్యల మీద ఎందుకు పట్టుబట్టాడు? పశ్చాత్తాపం అంటారు కొందరు, కూలీలంతా ఉత్తరాదికి పోతున్నారన్న వ్యాపారుల భయం అంటారు కొందరు. నాకు రెండోది ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. ఏదైనా, చేసిన పని చేసిన పనే. రాష్ట్రం తరఫున వాదించడానికి మంచి లాయర్లనే పంపాడు.

విచారణ 1921 ఏప్రిల్ 5న మొదలైంది. జ్యూరీలో పన్నెండుమందీ తెల్ల మగవాళ్ళు. హాలు కిటకిట. అట్లాంటా నుంచే కాదు, ఉత్తరాది నుంచి కూడా విలేఖరులు వచ్చారు. విలియమ్స్ పక్కన భార్యా పిల్లలూ కూర్చున్నారు, ముగ్గురు పెద్ద కొడుకులు తప్ప. వాళ్ళ మీద కూడా నేరారోపణలు వస్తున్నాయని ఎక్కడికో వెళ్ళిపోయారు.

ప్రధాన సాక్షి మానింగ్. ఒక నల్లజాతివాడు, తానే చంపానని ఒప్పుకున్నవాడు, చదువు రానివాడు, ఒక తెల్ల భూస్వామికి ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పాలి. గొంతు పెంచకుండా, ఒకటే ధోరణిలో, రోజుల వారీగా చెప్పుకుపోయాడని అప్పటి పత్రికలు రాశాయి. డిఫెన్సు లాయర్లు గంటల తరబడి తిప్పి తిప్పి అడిగినా ఒక్క చోట తడబడలేదు. ఎందుకు చంపావంటే, చంపకపోతే నన్ను చంపేవాడు అన్నాడు. పారిపోలేకపోయావా అంటే, ఎక్కడికి పోవాలో తెలిస్తే కదా అన్న అర్థం వచ్చేలా చెప్పాడు.

అప్పటి జార్జియా చట్టంలో ఒక వింత ఉంది. ముద్దాయి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు. ప్రమాణం లేకుండా ఒక వాంగ్మూలం మాత్రం ఇవ్వచ్చు, దాని మీద ఎదుటి లాయరు ప్రశ్నలు వెయ్యకూడదు. విలియమ్స్ అదే చేశాడు. తానొక కష్టపడే రైతునన్నాడు, దిక్కులేనివాళ్ళకి జరిమానాలు కట్టి తిండి పెట్టానన్నాడు, ఈ హత్యల సంగతి తనకేం తెలియదన్నాడు. లాయర్ల వాదన కూడా అదే: మానింగే తన భయం కొద్దీ అందర్నీ చంపేశాడని.

ఏప్రిల్ 9న జ్యూరీ తీర్పు చెప్పింది. దోషి, కానీ దయ చూపమని సిఫార్సు. అంటే ఉరి కాదు, యావజ్జీవం. ఉరి పడుతుందనుకున్నవాళ్ళు తక్కువ, శిక్ష పడుతుందనుకున్నవాళ్ళు అంతకంటే తక్కువ. చరిత్రకారులు చెప్పే లెక్క ప్రకారం, 1877 తర్వాత జార్జియాలో ఒక నల్లజాతి మనిషిని చంపినందుకు తెల్లవాడికి హత్యానేరం కింద శిక్ష పడడం అదే మొదటిసారి. మళ్ళీ 1966 దాకా ఇంకొకటి లేదు. మధ్యలో 45 ఏళ్ళు.

దీన్ని చాలామంది న్యాయం గెలిచిందన్నట్టు చెప్తారు. నాకంత తేలిగ్గా అనిపించదు. ఆ పన్నెండుమందిలో పొలాలున్నవాళ్ళు ఉన్నారు. జైలు కూలీని పెట్టుకోవడం తప్పని వాళ్ళు తీర్పు చెప్పలేదు. విలియమ్స్ ఆ పద్ధతిని అందరికీ కనబడేలా చేశాడు, ఉత్తరాది పత్రికలని తెచ్చి ఊరి మధ్యలో కూర్చోబెట్టాడు. తమలో ఒకణ్ణి బయటికి తోసేస్తే మిగతావాళ్ళు లోపల హాయిగా ఉండచ్చు. దొరల్లో ఒక దొర మరీ క్రూరుడని చెప్పుకుంటే మిగతా గడీలు చల్లగా ఉంటాయి, మా పక్కనా జరిగిందదే.

అయితే డోర్సీ అక్కడితో ఆగలేదు. ఏప్రిల్ 22న ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి విడుదల చేశాడు. అంతకు ముందు రెండేళ్ళలో జార్జియాలో నల్లజాతివాళ్ళ మీద జరిగిన 135 దౌర్జన్యాలు అందులో ఉన్నాయి: లించింగులు, పీనేజ్, ఊళ్ళలోంచి తరిమెయ్యడం, విడిగా చేసిన క్రూరత్వాలు. విలియమ్స్ ఒక్కడు కాదని రాష్ట్ర గవర్నరే అచ్చులో ఒప్పుకున్నట్టయింది. ఆయన మీద జార్జియా పెద్దలు విరుచుకుపడ్డారు, రాష్ట్రం పరువు తీశాడన్నారు. జూన్‌లో ఆయన పదవీకాలం అయిపోయింది.

మానింగ్ సంగతి చెప్పాలి. మే నెలలో అదే కోర్టులో అతన్ని నిలబెట్టారు. నెల కిందట అతని మాట నమ్మే విలియమ్స్‌కి శిక్ష వేశారు. చంపకపోతే చచ్చేవాణ్ణి అన్న అతని మాటని ఇప్పుడు అంత నమ్మలేదు. యావజ్జీవం. పై కోర్టు ఆ తీర్పు కొట్టేసి మళ్ళీ విచారించమంటే, 1922లో రెండోసారి కూడా అదే శిక్ష పడింది. కొన్నేళ్ళకి శిక్షలోనే చనిపోయాడు. అతను నిర్దోషి అని నేననను. గొడ్డలి పట్టింది అతని చెయ్యే, బతిమాలుకున్నవాళ్ళు బతిమాలుకుంది అతన్నే. కానీ ఆ పొలంలో అతనికీ చిజమ్‌కీ తేడా వరసలో ఎవరు ముందు అన్నదొక్కటే. ఏజెంట్లు ఇంకో పది రోజులు ఆలస్యంగా వచ్చి ఉంటే ఈ కథ చెప్పడానికి మానింగ్ కూడా మిగిలేవాడు కాడేమో.

ఇక మనవాళ్ళ సంగతి ఒక్క మాట. మా ఆఫీసుల్లో కన్సల్టెంట్లం బెంచి మీద కూర్చున్నప్పుడు, ఎంప్లాయరు బాండు చూపించి బెదిరించినప్పుడు, మనం బాండెడ్ లేబరు బాబూ అని జోకులేసుకుంటాం. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఒకే చోట పడి ఉండడం కష్టమే, బాండు బెదిరింపులు అన్యాయమే. అయినా ఆ మాట ఇక్కడ వాడడం నాకు నచ్చదు. ఉద్యోగం పోతే మనం విమానం ఎక్కి ఇంటికెళ్తాం. పీటర్సన్‌ని ఇంటికి పంపిస్తామని ఎక్కించిన కారు ఎక్కడికెళ్ళిందో చెప్పాను కదా.

నిజంగా ఆ మాటకి తగిన కేసు మనవాళ్ళలో లేకపోలేదు. 1999 నవంబరులో కాలిఫోర్నియాలో బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంటులో కార్బన్ మోనాక్సైడ్ వల్ల ఒక తెలుగు అమ్మాయి చనిపోయింది. ప్రమాదమే. కానీ ఆ వయసు పిల్ల బడికి వెళ్ళకుండా ఇక్కడేం చేస్తోంది అన్న ప్రశ్న బర్క్‌లీ హైస్కూలు పత్రిక నడిపే ఇద్దరు విద్యార్థినులకి వచ్చింది. తీగ లాగితే డొంక అప్పటి కృష్ణా జిల్లాలో వెల్వడం దాకా వెళ్ళింది. ఊరి భూస్వామి లకిరెడ్డి బాలిరెడ్డి బర్క్‌లీలో వందల ఇళ్ళ యజమాని. పేద కుటుంబాల ఆడపిల్లలని దొంగ కాగితాలతో తెచ్చుకుని వాడుకున్నాడని తేలింది. 2001లో నేరం ఒప్పుకున్నాడు, 97 నెలల జైలు పడింది. అప్పట్లో మన సంఘాల్లో చాలామంది ఆ కేసు గురించి గొంతు తగ్గించే మాట్లాడుకున్నారు. మన పరువు పోతుందని. జార్జియా పెద్దలు డోర్సీని అన్నమాటా అదే.

జార్జియాలో మిగతాది త్వరగా చెప్పేస్తాను. విలియమ్స్ పదేళ్ళ పైన జైల్లో ఉండి అక్కడే చనిపోయాడు. మిగతా పది హత్యలకి అతని మీద విచారణ జరగలేదు. పారిపోయిన ముగ్గురు కొడుకులు కొన్నేళ్ళకి తిరిగొచ్చారు, వాళ్ళెవరికీ శిక్ష పడలేదు. అడ్వాన్సు తీసుకుని పని మానితే జైలు అనే జార్జియా చట్టం ఆ కోవింగ్టన్ తీర్పు తర్వాత కూడా ఇరవయ్యేళ్ళు పుస్తకాల్లో ఉంది. 1941 డిసెంబరులో, పెరల్ హార్బర్ మీద దాడి జరిగిన అయిదు రోజులకి, అటార్నీ జనరల్ ఫ్రాన్సిస్ బిడిల్ తన లాయర్లకి ఒక సర్క్యులర్ పంపాడు: బాకీ ఉందా లేదా అని చూడకండి, మనిషిని బలవంతంగా పనిలో పెట్టాడా లేదా చూసి కేసు పెట్టండని. ఇంట్లో బానిసలుండగా జపాను ప్రచారానికి జవాబు చెప్పడం కష్టమని అప్పుడు తోచింది. ఆ వెంటనే 1942లో సుప్రీం కోర్టు జార్జియా చట్టాన్ని కొట్టేసింది. ఆ కేసులో జైలుకెళ్ళిన జేమ్స్ టేలర్ తీసుకున్న అడ్వాన్సు పందొమ్మిదిన్నర డాలర్లు.

ఇవాల్టికి సెలవు.